పీఠిక లేని పుస్తకం

తెలుగు గురించి ఎక్కడ సభ జరిగినా ఎవరో ఒక వక్త 'ఇటాలియన్ ఆఫ్ ది ఈస్ట్' అన్న మాట తెచ్చి తీరతారు. ఆ మాట ఎవరన్నారంటే ఒక్కొక్కరు ఒక్కో పేరు చెప్తారు. ఎవరన్నా ఫరవాలేదు, అన్నది తెల్లవాడైతే చాలు. సభలో చప్పట్లు మోగుతాయి. అక్కడున్న వాళ్ళలో ఇటాలియన్ భాష విన్నవాళ్ళు ఎందరుంటారో తెలియదు గానీ, ఆ పోలికతో మన భాష ఒక మెట్టు పైకెక్కినట్టు అందరికీ అనిపిస్తుంది. ఇటలీలో మాత్రం తమ భాషని 'పడమటి తెలుగు' అని చెప్పుకుని మురిసిపోయేవాళ్ళు ఎవరూ ఉండరు కదా!

వలస పాలన మన ఆత్మవిశ్వాసాన్ని దెబ్బతీసిందన్నది కొత్త మాటేమీ కాదు. 1835లో మెకాలే ఇక్కడి సాహిత్యాన్నంతా ఒక్క అలమారతో తూచి తీసిపారేసిన సంగతి బడిపిల్లలకు కూడా తెలుసు. వలసవాదం పాలితుల వర్తమానాన్ని ఆక్రమించి ఊరుకోదు, వాళ్ళ గతాన్ని కూడా వికృతం చేస్తుందని ఫ్రాంజ్ ఫానన్ 1961లోనే హెచ్చరించాడు. పాలకుడు వెళ్ళిపోయాక కూడా మన మనసుల్లో మిగిలిపోతాడని ఆశిష్ నందీ 1983లో 'ది ఇంటిమేట్ ఎనిమీ'లో వివరించాడు. ఇవన్నీ చదువుకున్నాం, తరగతుల్లో చెప్తున్నాం. అయితే ఇంకో ప్రశ్న మిగిలే ఉంది. పోయిన గర్వాన్ని తిరిగి కట్టుకున్నప్పుడు మనం ఏ కొలతలు వాడాం? కట్టిన ఇంట్లో ఎవరికి చోటు దొరకలేదు?

ఈ ప్రశ్నకు జవాబు వెతకడానికి తెలుగులో ఒక పుస్తకం చాలు. దాని పేరు 'రాధికా సాంత్వనము'. ముద్దుపళని కథ ఈ పత్రిక పాఠకులకు కొత్తది కాదు. సూసీ తారు, కె. లలిత సంపాదకత్వంలో 1991లో 'విమెన్ రైటింగ్ ఇన్ ఇండియా' మొదటి సంపుటం వచ్చినప్పటి నుంచీ మనం ఆమె గురించి మాట్లాడుకుంటూనే ఉన్నాం. ఎక్కువగా శృంగారం గురించి, నిషేధం గురించి మాట్లాడుకున్నాం. నేనిక్కడ ఆ కావ్యం మొదట్లో ఉన్న పీఠిక గురించి, అందులో ఆమె తన పుట్టుక గురించి చెప్పుకున్న తీరు గురించి మాట్లాడదలచుకున్నాను.

తన వాళ్ళని తానే చెప్పుకున్న మనిషి

ముద్దుపళని 18వ శతాబ్దపు తంజావూరు కవయిత్రి. అక్కడ 1739 నుంచి 1763 దాకా పాలించిన ప్రతాపసింహుడి ఆస్థానంలో ఆమె వేశ్య. రాజు మరాఠీవాడు, నేల తమిళనేల, కావ్యం తెలుగు. ఇప్పుడు మనకున్న భాషా సరిహద్దుల్లో ఆ ఆస్థానాన్ని ఊహించుకోవడమే కష్టం. నాలుగు ఆశ్వాసాల్లో, 584 పద్యాల్లో ఆమె రాసిన కథ చిన్నదే. రాధ పెంచి పెద్దచేసిన ఇళను కృష్ణుడికిచ్చి పెళ్ళి చేస్తుంది. ఇళకు బుద్ధులు చెప్పేదీ రాధే, ఆ తర్వాత ఒంటరితనంతో కాగిపోయేదీ రాధే. చివరికి కృష్ణుడు వచ్చి ఆమె అలక తీరుస్తాడు. కోరిక, కోపం, అసూయ అన్నీ ఆడదాని వైపు నుంచి నడుస్తాయి. కృష్ణుడు బతిమాలుకునేవాడు.

ప్రబంధ సంప్రదాయంలో కవి పీఠికలో తన వంశం చెప్పుకుంటాడు. తాత, తండ్రి, గోత్రం, సూత్రం, గురువు, ఆ తర్వాత కృతిభర్త వంశం. పితృస్వామ్యానికి ఇంతకన్నా చక్కని సాహిత్య రూపం ఉండదు. ముద్దుపళని అదే రూపాన్ని తీసుకుని అందులో ఆడవాళ్ళని నింపింది. తనకన్నా ముందు కవిత్వం చెప్పిన తన అవ్వనీ, మేనత్తనీ తలుచుకుంది. తన విద్యని, అందాన్ని, పండితులు తనకు కృతులు అంకితమిచ్చిన గౌరవాన్ని సంకోచం లేకుండా చెప్పుకుంది. తన సాటి స్త్రీలలో ఇంతటి గౌరవం ఎవరికి దక్కిందన్నట్టు మాట్లాడింది. ఈ గొంతు ఆకాశంలోంచి ఊడిపడలేదు. అంతకు ముందటి శతాబ్దంలో ఇదే తంజావూరులో విజయరాఘవ నాయకుడి కాలంలో రంగాజమ్మ 'మన్నారుదాస విలాసము' రాసింది. తమిళదేశపు ఆండాళ్ పాడిన తిరుప్పావైని ముద్దుపళనే తెలుగు చేసింది. అంటే ఇంటి ఆడవాళ్ళ వరసే కాదు, రాసిన ఆడవాళ్ళ వరస కూడా ఆమెకు తెలుసు. తాను ఆ వరసలో మనిషినని తెలుసు.

ఇందులో ఒక విషయం గమనించాలి. ఆమె తనని తాను మగ కవులతో పోల్చుకుని, వాళ్ళకు తీసిపోనని నిరూపించుకునే పని పెట్టుకోలేదు. 'ఆడదాన్నయినా' అన్న మాటతో మొదలుపెట్టలేదు. తన పుట్టుకను దాచాల్సిన అవసరం ఆమెకు కనిపించలేదు. స్వాభిమానానికి ఇది గట్టి ఉదాహరణ. దీని తర్వాత నూటముప్పై, నూటయాభై ఏళ్ళలో ఏం జరిగిందో చూస్తే ఆ నష్టం పరిమాణం అర్థమవుతుంది.

కొలబద్దగా మారిన స్త్రీ

జేమ్స్ మిల్ భారతదేశానికి ఒక్కసారి కూడా రాకుండా 1817లో భారతదేశ చరిత్ర అచ్చువేశాడు. ఏ సమాజం ఎంత నాగరికమో తెలుసుకోవడానికి అక్కడి స్త్రీల స్థితిని కొలతగా తీసుకోవాలన్నది అతని సిద్ధాంతాల్లో ఒకటి. ఆ కొలతతో ఈ దేశం అనాగరికమని తేల్చాడు. ఇక్కడ పాలనకు రాబోయే కంపెనీ ఉద్యోగుల చదువులో ఆ పుస్తకం భాగమైంది.

దీనికి మన వాళ్ళు ఇచ్చిన జవాబుని ఉమా చక్రవర్తి 1989లో రాసిన వ్యాసంలో బాగా విడమరిచి చూపించింది. కొలత తప్పని ఎవరూ అనలేదు. ఆ కొలతకు సరిపోయే స్త్రీని వేదకాలంలో వెతికి పట్టుకున్నారు. మైత్రేయి, గార్గి దొరికారు. అదే కాలంలో ఉన్న దాసి ఎవరికీ కనబడలేదు. అట్లా 'మాకూ ఒక స్వర్ణయుగం ఉంది' అన్న గర్వం తయారైంది. మధ్యలో పతనం జరిగిందనీ, ఇప్పుడు తిరిగి లేవాలనీ కథ అల్లుకున్నారు. స్వర్ణయుగానికి గార్గి గుర్తయితే పతనానికి ఎవరు గుర్తు? వేశ్య. తెలుగు సాహిత్య చరిత్రల్లో ఇది కళ్ళకు కట్టినట్టు కనిపిస్తుంది. దక్షిణాంధ్ర యుగం గురించి రాసినప్పుడు విలాసం, పతనం అన్న మాటలు వాడనివాళ్ళు తక్కువ. దాని తర్వాతి కాలానికి 'క్షీణయుగం' అని పేరే పెట్టేశారు. క్షీణించిందని తీర్పు చెప్పడానికి కొలత ఎక్కడిదని అడిగినవాళ్ళు చాలాకాలం లేరు.

ఇక్కడ కందుకూరి వీరేశలింగం ప్రస్తావన రాక తప్పదు. 1874లో ధవళేశ్వరంలో ఆడపిల్లల బడి పెట్టినవాడు, 1881 డిసెంబరులో రాజమండ్రిలో తొలి వితంతు వివాహం జరిపించినవాడు, 1883లో ఆడవాళ్ళ కోసం 'సతీహితబోధిని' పత్రిక నడిపినవాడు. ఈ చేతులతో మనం కలం పట్టుకున్నామంటే అందులో అతని శ్రమ ఉంది. అదే వీరేశలింగం 'ఆంధ్ర కవుల చరిత్రము'లో ముద్దుపళని దగ్గరికి వచ్చేసరికి ఆమె భాషా పాండిత్యాన్ని ఒప్పుకుంటూనే ఆమె నడతని తప్పుపట్టాడు. ఆ పుస్తకంలో చాలాచోట్ల ఆడవాళ్ళు వినదగని, ఆడదాని నోట రాదగని మాటలున్నాయన్నాడు.

ఇది ఒక వ్యక్తి సంకుచితత్వం అనుకుంటే విషయం చిన్నదైపోతుంది. సంస్కర్తకు ఒక కొత్త స్త్రీ కావాలి. చదువుకోవాలి, పత్రిక చదవాలి, భర్తతో సమంగా మాట్లాడగలగాలి, అదే సమయంలో తెల్లదొర ఎదుట తలవంపులు తేకూడదు. ఇంగ్లండులో విక్టోరియా రాణి కాలపు గృహిణికీ, మన పతివ్రతకీ మధ్య ఒక ఒప్పందం కుదిరింది. ఆ ఒప్పందంలో కుటుంబ స్త్రీకి చదువు వచ్చింది. అప్పటిదాకా చదువూ, పాటా, ఆస్తీ ఉన్న వేశ్యకు అవమానం వచ్చింది. 1893లో మద్రాసు సంస్కర్తలు గవర్నరుకీ వైస్రాయికీ భోగం మేళాలకు హాజరు కావద్దని విజ్ఞప్తి పెట్టుకున్నారు. పాలకులు కాదన్నారు. దొరలకు లేని సిగ్గు మన పెద్దమనుషులకు వచ్చింది. అదే కాలంలో 1892లో తొలిసారి ప్రదర్శించి, 1909లో తిరగరాసిన 'కన్యాశుల్కం'లో గురజాడ మధురవాణి చేత ఈ పెద్దమనుషుల సిగ్గుని నిలదీయించాడు. నాటకంలో అందరికన్నా తెలివిగా, సూటిగా మాట్లాడే మనిషి ఆమెే. కానీ మధురవాణి ఒక పాత్ర. రక్తమాంసాలున్న మధురవాణులు మాట్లాడితే ఏమవుతుందో 1911లో తేలిపోయింది.

1887, 1910, 1911

'రాధికా సాంత్వనము'ని మొదట 1887లో పైడిపాటి వెంకటనరసు వ్యాఖ్యతో అచ్చువేయించాడు. 1907లో అది మళ్ళీ వచ్చింది. ఆ ప్రతిలో మోటుగా ఉన్నాయనుకున్న కొన్ని పద్యాలు లేవు. దానికి కారణం ఊహించవచ్చు. పీఠిక కూడా లేదు. దీన్ని ఎట్లా అర్థం చేసుకోవాలి? పీఠికలో సంభోగ వర్ణనలేమీ లేవు. ఉన్నది ఒక ఆడమనిషి తన వాళ్ళ పేర్లు చెప్పుకుని గర్వపడటం. శృంగార పద్యాలకూ ఈ పద్యాలకూ పరిష్కర్త చేతిలో ఒకటే గతి పట్టింది. తనకు పుట్టుక ఉందని, అది ఆడవాళ్ళ పుట్టుక అని చెప్పడం కూడా అచ్చుకు తగని పనే అయింది.

పుస్తకం మొండిగా ఉందని కనిపెట్టినది బెంగుళూరు నాగరత్నమ్మ. 1878లో పుట్టింది, దేవదాసి కులస్థురాలు, పేరు మోసిన గాయని, చదువరి. అచ్చు ప్రతిలోని లోపాలు చూసి రాతప్రతి సంపాదించింది. రెంటినీ పక్కపక్కన పెట్టుకుని పోల్చింది. వదిలేసిన పీఠికను, పద్యాలను తిరిగి చేర్చి, తన ముందుమాటతో 1910లో వావిళ్ళ వారి ద్వారా అచ్చువేయించింది. పాఠ పరిష్కరణ అంటే ఏమిటో తెలిసినవాళ్ళకు ఈ పని విలువ తెలుస్తుంది. విశ్వవిద్యాలయాల్లో తెలుగు శాఖలు లేని రోజుల్లో ఒక స్త్రీ ఒంటిచేత్తో చేసిన పని అది.

ఆ ముందుమాటలో నాగరత్నమ్మ రెండు పనులు చేసింది. సిగ్గు అనేది ఆడవాళ్ళకేనా, మగవాళ్ళకు వర్తించదా అని వీరేశలింగాన్ని అడిగింది. మగ కవులు రాసిన ఇటువంటి కావ్యాలు పాఠ్యాలుగా నడుస్తున్నాయి కదా అని గుర్తుచేసింది. ఇది వాదన. ఇంకో మాట కూడా అన్నది. ఈ కావ్యం ఒక స్త్రీ రాసినందుకే కాక, తన కులంలో పుట్టిన స్త్రీ రాసినందుకు తనకు మరీ ఇష్టమైందని చెప్పుకుంది. నన్ను ఎక్కువగా ఆలోచింపజేసినది ఈ రెండో మాట. ముద్దుపళని తన అవ్వ పేరు చెప్పుకుంది. నూటయాభై ఏళ్ళ తర్వాత నాగరత్నమ్మ ముద్దుపళని పేరు తన అవ్వ పేరు చెప్పుకున్నట్టు చెప్పింది. పోయిన వరసని తిరిగి కలిపింది. అప్పటికి చుట్టూ ఉన్న లోకంలో దేశభక్తి ఉంది, ప్రాచీన వైభవం గురించి ఉపన్యాసాలున్నాయి. ఆంధ్రత్వం గురించి మాట్లాడటం మొదలైంది. ఆ గర్వాలన్నిటి మధ్యా ఈమె గర్వానికి మాత్రం చోటు లేకపోయింది.

'శశిరేఖ' పత్రిక ఆ పుస్తకాన్ని తిట్టిపోసింది. వేశ్య రాసిన పుస్తకాన్ని మరో వేశ్య దిద్దిందన్నదే ఆ విమర్శ సారాంశం. విషయం ప్రభుత్వం దాకా వెళ్ళింది. ప్రభుత్వ అనువాదకుడు గోటేటి కనకరాజు పంతులు అభ్యంతరకరమనిపించిన భాగాలను ఇంగ్లీషు చేసిపెట్టాడు. 1911లో పుస్తకం అశ్లీలమని తేల్చారు. పోలీసు కమిషనరు కన్నింగ్‌హాం ప్రతులన్నీ పట్టుకుపోయాడు. ఇదే కొలతైతే మన ప్రాచీన కావ్యాలకే ముప్పు వస్తుందని పండితులు చేసిన విజ్ఞప్తి చెల్లలేదు.

ఇక్కడ వరస చూడండి. తెల్లవాడు వచ్చి ఈ పుస్తకం చెడ్డదని మనకు చెప్పలేదు. అతనికి తెలుగు పద్యం అర్థం కాదు. మనవాళ్ళే చెడ్డదన్నారు, మనవాళ్ళే అనువదించి ఇచ్చారు, తెల్లవాడు ముద్ర వేశాడు. పాలకుడి కళ్ళు మనకు అమరిన తర్వాత పాలకుడు చూడాల్సిన పని ఉండదు.

శృంగారం ఇంగ్లీషులో ఏమైంది?

ఆ పద్యాలకు తీర్పు ఏ భాషలో జరిగిందన్నది కూడా పట్టించుకోవాలి. శృంగారం మన అలంకార శాస్త్రంలో ఒక రసం. దానికి స్థాయీభావం, విభావాలు, సంయోగ విప్రలంభాలు, వాటి మధ్య నాయికల అవస్థలు ఇవన్నీ ఉన్నాయి. 'అశ్లీలం' అన్న మాట కూడా శాస్త్రంలో ఉంది. కానీ అది కావ్యదోషం. వినేవాడికి సిగ్గో, ఏవగింపో, అమంగళమో స్ఫురింపజేసే పదప్రయోగానికి ఆ పేరు. అంటే మాట ఎంపికలో తప్పు. రతిని వర్ణించడమే తప్పని దాని అర్థం కాదు. రాసినది ఎవరన్న ప్రశ్న అసలే లేదు.

పద్యాన్ని ఇంగ్లీషు వచనం చేయగానే రసం ఎగిరిపోయి శరీర భాగాల జాబితా మిగిలింది. ఆ జాబితాను చట్టం 'అబ్సీన్' అంది. ఆ మాటకు తెలుగు కావలసివచ్చి పాత 'అశ్లీలం'కే కొత్త అర్థం తగిలించారు. కావ్యదోషం నేరమైంది. ఈ రోజు మనం అశ్లీలం అన్నప్పుడు మమ్మటుడి అర్థంలో అనడం లేదు, శిక్షాస్మృతి అర్థంలో అంటున్నాం. మాట మనదే, లోపలి మనిషి మారిపోయాడు.

శిక్షాస్మృతి సంగతి కూడా చెప్పుకోవాలి. మెకాలే అనగానే మనకు విద్యా నివేదికే గుర్తొస్తుంది గానీ, 1860లో ఆమోదించిన భారత శిక్షాస్మృతి తొలి ముసాయిదా కూడా 1837లో అతని నాయకత్వంలోనే తయారైంది. అందులోని 292వ సెక్షన్ అశ్లీల పుస్తకాల గురించి. ఏది అశ్లీలమో తేల్చడానికి 1868 నాటి హిక్లిన్ కేసులో ఇంగ్లండు కోర్టు ఒక పరీక్ష పెట్టింది. చెడు ప్రభావానికి తేలిగ్గా లోనయ్యే మనసుల్ని ఈ రచన చెడగొడుతుందా అన్నది ఆ పరీక్ష. ఎవరివా బలహీనమైన మనసులు? చదవడం కొత్తగా మొదలుపెట్టిన ఆడవాళ్ళు, పిల్లలు, పనివాళ్ళు. ఆడవాళ్ళు వినదగనివన్న వీరేశలింగం ఆక్షేపణా, హిక్లిన్ పరీక్షా ఒకే పాఠకురాలిని ఊహించుకున్నాయి.

ఇంగ్లండు 1959లో కొత్త చట్టం తెచ్చుకుని ఈ పద్ధతిని మార్చుకుంది. 1960లో అక్కడ లారెన్స్ 'లేడీ చాటర్లీస్ లవర్' నిర్దోషిగా బయటపడింది. 1964లో అదే పుస్తకం అమ్మినందుకు బొంబాయి పుస్తకాల వ్యాపారి రంజిత్ ఉదేశీకి పడిన శిక్షను మన సుప్రీంకోర్టు సమర్థించింది. అందుకు హిక్లిన్ పరీక్షనే ఆధారం చేసుకుంది. ఇంగ్లీషువాడు వదిలేసిన సిగ్గుని మనం సంస్కృతి పేరుతో భద్రపరుచుకున్నాం. ఆ పరీక్షను సుప్రీంకోర్టు 2014లో గానీ వదిలించుకోలేదు. వలసపాలన గుర్తులు చెరిపేస్తున్నామంటూ తెచ్చిన భారతీయ న్యాయ సంహిత 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చింది. అందులో పాత 292వ సెక్షన్ దాదాపు అవే మాటలతో 294గా కూర్చుంది.

దేశం పేరు మిగిలింది, మనుషుల పేర్లు పోయాయి

పుస్తకానికి జరిగిందే నాట్యానికీ జరిగింది. దేవదాసులు ఆడిన సదిర్ నాట్యానికి 1932 ప్రాంతంలో మద్రాసు మ్యూజిక్ అకాడమీ చొరవతో 'భరతనాట్యం' అన్న పేరు స్థిరపడింది. 1936లో కళాక్షేత్ర మొదలైంది. పై కులాల ఆడపిల్లలు నేర్చుకోవడం పెరిగింది. దేశానికి గర్వకారణమైన శాస్త్రీయ కళగా అది ప్రపంచమంతా తిరిగింది. ఇటు 1927లో ముత్తులక్ష్మీరెడ్డి దేవదాసీ వ్యవస్థకు వ్యతిరేకంగా కదిలినప్పుడు అభ్యంతరం చెప్పిన దేవదాసీల సంఘానికి నాగరత్నమ్మ ముందు నిలబడింది. తన సంపాదనతో తిరువయ్యారులో త్యాగరాజ సమాధికి గుడి కట్టించినదీ ఆమెే. అక్కడి ఆరాధనలో ఆడవాళ్ళకు పాడే చోటు లేకపోతే, 1927లో ఆడవాళ్ళ చేత విడిగా పాడించింది.

ముత్తులక్ష్మీరెడ్డిని నేను తప్పుపట్టడం లేదు. ఆమె తల్లి పుట్టింది కూడా ఆ కులంలోనే. పసిపిల్లలను గుడికి వదిలేయడంలోని హింస ఆమెకు పుస్తకాల్లో చదివి తెలిసింది కాదు. తెలుగుదేశంలో కళావంతుల కులం నుంచే వచ్చిన యామినీ పూర్ణతిలకం కూడా ఆ వ్యవస్థ పోవాలనే పనిచేసింది. ఒకే కులంలో పుట్టిన స్త్రీలు రెండు వైపులా నిలబడ్డారంటే, రెండు వైపులా నిజం ఉంది. కానీ చట్టం పిల్లలను కాపాడటంతో ఆగలేదు. ఆ స్త్రీల విద్యకీ, ఆస్తి హక్కుకీ, ఆడదాని పేరుతో నడిచే వంశానికీ కూడా అదే కత్తి తగిలింది. చెడుని తీసేయడానికి పుట్టుకనే తీసేశారు.

ఇక్కడ 1947 సంవత్సరం దగ్గర ఆగాలి. ప్రకాశం పంతులు మద్రాసు ప్రభుత్వానికి నాయకత్వం వహించిన కాలంలో 'రాధికా సాంత్వనము' మీద నిషేధం పోయింది. అదే 1947 సంవత్సరపు చట్టంగా మద్రాసు దేవదాసీ నిషేధ చట్టం వచ్చింది. పుస్తకం జైలు నుంచి బయటికొచ్చింది. ఆ పుస్తకం రాసిన స్త్రీల ఇంటికి తాళం పడింది. వావిళ్ళ వారు పుస్తకాన్ని మళ్ళీ అచ్చువేసినది 1952లో. నాగరత్నమ్మ చనిపోయినది ఆ సంవత్సరమే.

తెలుగులో నటరాజ రామకృష్ణ నాయుడుపేట రాజమ్మ, పెండేల సత్యభామ వంటి కళావంతుల దగ్గర నేర్చుకుని ఆ కళకు 'ఆంధ్రనాట్యం' అని పేరు పెట్టాడు. ఆ స్త్రీలను గౌరవంగా వేదిక ఎక్కించిన కొద్దిమందిలో ఆయన ఒకడు. అయినా పేరు మార్పు ఏం చెప్తున్నది? భరతనాట్యం, ఆంధ్రనాట్యం. దేశం పేరో, శాస్త్రం పేరో, జాతి పేరో పెడితే తప్ప ఆ కళను చూసి గర్వపడటం మనకు చేతకాలేదు. రాజమ్మ నాట్యం అనో, కళావంతుల నాట్యం అనో అంటే సభ్యులకు ఇబ్బంది.

గోదావరి జిల్లాల్లో కళావంతుల కుటుంబాలు సూర్యబలిజలమని పేరు మార్చుకున్నాయి. కొందరు స్త్రీలు తలుపులు వేసుకుని తమలో తాము అభినయాన్ని గుర్తుచేసుకుంటున్నారని దావేష్ సోనేజీ 2012లో వచ్చిన తన పుస్తకంలో నమోదు చేశాడు. పరిశోధన పని మీద ఆ వైపు తిరిగినప్పుడు ఒక పెద్దావిడ నాతో గంటసేపు మాట్లాడింది. క్షేత్రయ్య పదం ఒకటి కూర్చున్న చోటే చేతులతో, కళ్ళతో చూపించింది. లేవబోతుంటే చెయ్యి పట్టుకుని, "నా పేరు రాయకమ్మా, ఊరు కూడా రాయకు. మనవరాలికి సంబంధాలు చూస్తన్నాం" అంది. ముద్దుపళని పీఠికలో అవ్వ పేరు చెప్పుకుంది. ఈవిడ మనవరాలి కోసం తన పేరు దాచుకుంటోంది. వలసవాదం ఆత్మగౌరవాన్ని ఎలా దెబ్బతీసిందని ఎవరైనా అడిగితే నాకు ఈ రెండు పేర్ల మధ్య దూరమే కనిపిస్తుంది.

ఎటువంటి గర్వం కావాలి?

ఇదంతా చెప్పి తంజావూరు ఆస్థానమే స్వర్ణయుగమంటే మనం కూడా పాత తప్పే చేసినట్టు. గార్గి స్థానంలో ముద్దుపళనిని కూర్చోబెట్టడమే అవుతుంది. ముద్దుపళని గర్వం వెనక రాజు ఖజానా ఉంది, ఆ ఖజానా వెనక పొలాల్లో వంగి నాట్లేసిన ఆడవాళ్ళున్నారు. వాళ్ళ పీఠికలు తాళపత్రాల మీదకు ఎక్కనే లేదు. దళిత ఆడపిల్లలను జోగినులుగా మార్చిన ఊళ్ళలో వాళ్ళకు దక్కింది పద్యమూ కాదు, మాన్యమూ కాదు. ఆంధ్రప్రదేశ్‌లో దానిని నిషేధించే చట్టం రావడానికి 1988 దాకా పట్టింది. వాళ్ళ విషయంలో పుట్టుక మీద సిగ్గుని రుద్దింది తెల్లవాడు కాదు, కులం. వలస పాలన దాని మీద తన ముద్ర వేసి జనాభా లెక్కల్లో బిగించింది. 2003లో గోగు శ్యామల సంపాదకత్వంలో 'నల్లపొద్దు' వచ్చినప్పుడు దళిత స్త్రీలు తమ వరసని తామే కూర్చుకున్నారు. నాగరత్నమ్మ 1910లో చేసిన పనికి అది దగ్గరి చుట్టం.

కాబట్టి గతం ఎంత గొప్పదన్న దాని కన్నా, మన పుట్టుక గురించి మనం ఎవరికి జవాబు చెప్పుకుంటున్నామన్నది ముఖ్యం. 'ఇటాలియన్ ఆఫ్ ది ఈస్ట్' అన్న గర్వం పరాయివాడికి చెప్పుకునే జవాబు. వేదకాలపు గార్గి అన్న గర్వం జేమ్స్ మిల్‌కి చెప్పుకునే జవాబు. ఈ గర్వాలకు ఒక జబ్బుంది. వాటికి ఎప్పుడూ ఎవరో ఒక ఆడమనిషిని దాచిపెట్టాల్సిన అవసరం వస్తుంది. ఇంటికి చుట్టాలొస్తున్నారంటే మాసిన బట్టలు మంచం కిందికి తోసినట్టు తోసేస్తుంటారు. పబ్‌కి వెళ్ళిన అమ్మాయిల మీద 'మన సంస్కృతి' పేరుతో చెయ్యి చేసుకునే మూకలూ, కవిత్వంలో శరీరం గురించి రాసిన స్త్రీవాదులను 1980లలో, 90లలో 'నీలి' అని వెక్కిరించిన విమర్శకులూ మాట్లాడేది 1911 నాటి భాషే. దాన్ని ప్రాచీన భారతీయ భాష అనుకోవడం దగ్గరే ఉంది అసలు ఓటమి.

నేను ముద్దుపళని మీద పరిశోధనా పత్రం రాస్తానన్నప్పుడు ఒక పెద్దాయన, "మంచి కుటుంబం నుంచి వచ్చినదానివి, ఇంకేదైనా అంశం చూసుకోరాదా అమ్మా" అన్నాడు. ఆయన దుర్మార్గుడు కాదు, నా మేలు కోరే అన్నాడు. వందేళ్ళ తర్వాత కూడా నన్నూ ముద్దుపళనినీ వేరుచేసే గీత 'మంచి కుటుంబం' దగ్గరే ఉందని ఆ మాటతో తెలిసింది. ఈ గీతకు ఇటువైపు పుట్టిన మనలాంటి వాళ్ళకు ఆ గీత చదువునిచ్చింది, ఉద్యోగాలిచ్చింది, ఈ పత్రికలో రాసుకునే అవకాశమిచ్చింది. అటువైపు వాళ్ళ నుంచి తీసుకున్నదే మనకిచ్చింది. ఈ లెక్క మన స్త్రీవాదం ఇంకా పూర్తిగా తేల్చుకోలేదు.

ఇప్పుడు తరగతిలో 'రాధికా సాంత్వనము' చెప్పేటప్పుడు నేను పీఠికతోనే మొదలుపెడతాను. పిల్లలు గుసగుసలాడుకునే పద్యాలు తర్వాత వస్తాయి. ముందు మీ అమ్మమ్మ వాళ్ళ అమ్మ పేరు రాయండని అడుగుతాను. తండ్రి తాత పేరు దాదాపు అందరికీ వస్తుంది. అమ్మమ్మ తల్లి పేరు రాయగలిగే వాళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టేటంత మంది. తెలియని వాళ్ళు ఇంటికి వెళ్ళి అడిగి వస్తారు. ఒక్కోసారి పేరుతో పాటు ఏ చేను కోసిందో, ఏ పాట పాడేదో కూడా తెస్తారు. ఒక్కోసారి ఇంట్లో చెప్పవద్దన్నారని ఖాళీ కాగితం ఇస్తారు. ఆ ఖాళీ కాగితాన్ని కూడా నేను మిగతా వాటితో కలిపే దాచుకుంటున్నాను.